మల్లెతోటలో పురుగుమందు పరీక్ష: కొన్ని మడులు కొట్టకుండా వదిలేయండి

నాలుగేళ్ల కిందట మా నలభై సెంట్ల మల్లెతోటలో మార్చి మొదటి కోతల్లోనే మొగ్గలు ఊదారంగుకు తిరిగి రాలిపోవడం మొదలైంది. మందుల కొట్లో అడిగితే ఒక డబ్బా ఇచ్చారు, తోటంతా కొట్టాం, పది రోజులకు రాలడం సగానికి తగ్గింది, ఆ మందు పేరు ఊళ్లో పదిమందికి నేనే చెప్పాను. మరుసటి ఏడు అదే మందు అదే మోతాదులో కొడితే ఏమీ తగ్గలేదు. అప్పుడు గుర్తొచ్చింది, మొదటి ఏడాది పక్క తోటాయన ఏ మందూ కొట్టలేదు, అయినా ఆయన తోటలో కూడా ఆ పది రోజుల్లోనే రాలడం తగ్గింది. అంటే తగ్గించింది మందే అని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. నా మాట విని ఎంతమంది డబ్బు పోశారో తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అప్పటినుంచి ఏ కొత్త మందునైనా ముందు పది సెంట్లలో పరీక్షించి, ఆ తర్వాతే తోటంతా కొడుతున్నాను. ఎలా చేస్తానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మల్లెను ఉదాహరణగా తీసుకున్నా కనకాంబరం, చామంతి, గులాబీ, బంతి వేసేవాళ్లకూ, కడియం వైపు నర్సరీలు నడిపేవాళ్లకూ పద్ధతి ఇదే, లెక్కపెట్టే పురుగు మాత్రం మారుతుంది.

ముందు దొంగ ఎవరో తేల్చుకోండి

మొగ్గ ఊదారంగుకు మారగానే "మొగ్గపురుగు" అనేసి మందు కొనేస్తాం. కానీ మల్లెలో ఆ రంగు తెచ్చేవి కనీసం రెండు, రెండూ వేరే జాతులు, ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచేయాలని లేదు. పొద్దున్నే తోటలో నడుస్తూ ఊదారంగు మొగ్గలు ఒక యాభై కోసి, తెల్లకాగితం మీద పెట్టి, బ్లేడుతో నిలువుగా చీల్చి చూడండి. పదిరెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం ఉంటే మంచిది.

మొగ్గ మీద గుండ్రటి రంధ్రం, లోపల పచ్చటి చిన్న గొంగళి, దానికి నల్లటి తల, పక్క మొగ్గలతో కలిపి అల్లిన సన్నని గూడు, మలం పొడి ఉంటే అది మొగ్గతొలిచే పురుగు. ఒక్క పురుగే ఒక మొగ్గ తిని ఊరుకోదు, గుత్తిలో ఉన్న మరికొన్నిటిని కూడా తొలుస్తుంది. రంధ్రం లేకుండా మొగ్గ అడుగుభాగం ఉబ్బి, ఎదగకుండా ఆగిపోయి, చీల్చితే లోపల కాళ్లు లేని తెల్లటి లేదా పసుపు రంగు బుజ్జి పురుగులు గుంపుగా కదులుతుంటే అది మొగ్గ ఈగ. దోమకన్నా చిన్న ఈగ గుడ్లు పెడితే ఒక రోజులో పొదిగి, పిల్లపురుగులు అయిదు నుంచి ఏడు రోజులు మొగ్గలో తిని, తర్వాత కింద మట్టిలోకి దిగి కోశస్థ దశలో (ప్యూపాగా) రెండు మూడు వారాలు ఉంటాయి. బాగా ఎదిగిన పురుగు వంగి ఒక్కసారిగా ఎగిరి దూరంగా పడుతుంది, కాగితం మీద పెట్టినప్పుడు మీకే కనిపిస్తుంది. ఇదే ఈగ హవాయి దీవుల్లో డెండ్రోబియం ఆర్కిడ్ మొగ్గల్ని పాడుచేస్తుంది, మందారాన్ని కూడా వదలదు, అందుకే అక్కడి పూలరైతులకూ ఇది పాత శత్రువే.

మూడోది తామర పురుగులు. రెమ్మను తెల్లకాగితం మీద గట్టిగా తట్టితే పొడుగ్గా సన్నగా ఉన్న పసుపు, గోధుమ రంగు చుక్కలు నడుస్తాయి. రేకుల మీద గీరినట్టు గీతలు పడతాయి. ఆకుల అడుగున సన్నని బూజుగూడు, ఎర్రటి చుక్కలు ఉంటే అది నల్లి (మైట్). నల్లి కీటకం కాదు, దాని మందులు వేరే, ఈ పరీక్షలో దానిని కూడా లెక్కపెట్టాలి. ఎందుకో కింద చెబుతాను.

యాభై మొగ్గల్లో ఏది ఎన్నిట్లో ఉందో రాసుకోండి. నలభైలో ఈగ ఉంటే ఈగ మీదే పరీక్ష పెట్టుకోండి, రెండూ సగం సగం ఉంటే రెండు వేర్వేరు గళ్లలో లెక్క రాయాలి. "పాడైన మొగ్గలు" అని ఒకే గడి పెడితే ఏ మందు దేన్ని ఆపిందో ఎప్పటికీ తెలియదు.

ఏం పోల్చాలి

మొదటిసారి చేసేవాళ్లు ఆరేడు మందులు పెట్టుకుంటారు, లెక్కలు చూడలేక మూడో రోజుకే వదిలేస్తారు. రెండు మందులు చాలు. వాటితోపాటు ఒక మడిలో మంచినీళ్లు మాత్రమే కొట్టాలి. ఇంకో మడిలో ఏమీ కొట్టకుండా ప్రతి కోతకీ పాడైన మొగ్గల్ని ఏరి, నేల మీద పడ్డవాటినీ ఏరి, గట్టి ప్లాస్టిక్ సంచిలో కట్టి ఎండలో పెట్టేయడం. ఈ నాలుగోది నేను పట్టుబట్టి పెడతాను. మొగ్గ ఈగ మొగ్గలోంచి మట్టిలోకి దిగకముందే సంచిలో పడితే తర్వాతి తరం అక్కడే ఆగిపోతుంది, పైగా దీనికి కూలి తప్ప ఖర్చు లేదు. మందు ఈ ఏరుడుకన్నా ఎంత ఎక్కువ చేస్తోందో తెలిస్తేనే దాని ధర పెట్టడం న్యాయమా కాదా అన్నది తేలుతుంది. ఏరిన మొగ్గల్ని పెంటకుప్పలో వేయొద్దు, అక్కడి నుంచి మళ్లీ ఈగ వస్తుంది.

రెండు మందులూ వేర్వేరు తీరులో పనిచేసేవై ఉండాలి. డబ్బా మీద పేర్లు ఎన్ని రకాలున్నా లోపల మందు ఒకటే కావచ్చు, ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ పేర్లు వేరైనా పురుగు మీద పనిచేసే తీరు ఒకటే. మందుల్ని పనిచేసే తీరును బట్టి గుంపులుగా విడదీసే, ప్రపంచమంతటా వాడే ఐరాక్ వర్గీకరణలో ఈ రెండూ 4ఏ గుంపు. స్పినోసాడ్, స్పినెటోరామ్ 5వ గుంపు, ఎమామెక్టిన్ 6వ గుంపు, క్లోరాంట్రానిలిప్రోల్, సయాంట్రానిలిప్రోల్ 28వ గుంపు, లామ్డా సైహలోత్రిన్ లాంటి పైరెథ్రాయిడ్లు 3ఏ గుంపు. ఒకే గుంపులో రెండిటిని పోలిస్తే తర్వాత మార్చి మార్చి కొట్టడానికి మీకేమీ మిగలదు, పురుగు ఒకదానికి అలవాటుపడితే రెండోదానికీ పడినట్టే.

కొనేముందు లేబుల్ చదవండి, అంటే పేరు మాత్రమే కాదు, ఏ పంటకు, ఏ పురుగుకు, ఎకరాకు ఎంత, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలి అన్నవన్నీ. మన దేశంలో 1968 నాటి కీటకనాశనుల చట్టం కింద రిజిస్టర్ అయిన మందులకే అమ్మకం, వాడకం అనుమతి, రిజిస్టర్ అయిన పంటల జాబితా లేబుల్ మీదే ఉంటుంది. చాలా డబ్బాల మీద పూలపంట పేరే కనిపించదు. అలాంటప్పుడు ఉద్యాన అధికారిని గానీ, కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ అడిగి వాళ్లు సరేనన్నాకే పరీక్షకు తీసుకోండి. లేబుల్ లేని సీసాలు, "బయో" అని మాత్రం రాసి లోపల ఏముందో చెప్పనివి ముట్టుకోవద్దు. వాటితో పరీక్ష చేసినా ఫలితం దేనిదో మీకే తెలియదు. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు విషం తీవ్రతను చెబుతాయి, ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం. నేనైతే పూలతోటకు ఎరుపూ పసుపూ అసలు కొనను.

ఇక్కడే మనసులో మాట ఒకటి చెప్పాలి. మల్లెపూలు రోజూ కోస్తాం. కోసిన రెండు గంటలకే కడియంలోనో గుడిమల్కాపూర్‌లోనో మార్కెట్లో ఉంటాయి, సాయంత్రానికి ఎవరి జడలోనో, దేవుడి పటం మీదో ఉంటాయి. చిన్నపిల్లలు వాసన చూస్తారు, నోట్లో కూడా పెట్టుకుంటారు. అందరికన్నా ముందు ఆ మొగ్గల్ని ఒట్టి చేతులతో కోసేది మన ఊరి ఆడవాళ్లు. కాబట్టి లేబుల్ మీద ఎన్ని రోజులు ఆగమంటే అన్ని రోజులు పరీక్ష మడుల్లో పూలు అమ్మకూడదు, కోసి పారేయాలి. తోటంతా కొట్టి ఈ నియమం పాటించడం ఏ రైతుకైనా కష్టమే, పది సెంట్లలో అయితే పాటించగలం. చిన్నగా పరీక్షించడానికి ఇది కూడా ఒక పెద్ద కారణం.

మడులు వేయడం

నాలుగు పద్ధతులు, ఒక్కో పద్ధతి నాలుగు చోట్ల, అంటే పదహారు మడులు. ఒక్కో మడిలో నాలుగు వరసలు, వరసకు నాలుగు మొక్కలు, మొత్తం పదహారు మొక్కలు. లెక్క మాత్రం మధ్యలో ఉండే నాలుగు మొక్కల్లోనే తీస్తాం, చుట్టూ ఉన్న పన్నెండు పక్కమడి మందు జల్లు ఇటు పడకుండా అడ్డు. నాలుగడుగుల ఎడంలో నాటిన తోటలో ఇదంతా పది సెంట్లలోపే అయిపోతుంది.

తోటలో అన్ని చోట్లా పురుగు ఒకేలా ఉండదు. కాలువ గట్టు పక్కన ఒకలా, వేపచెట్టు నీడన ఒకలా, రోడ్డు దుమ్ము పడేచోట ఇంకోలా ఉంటుంది. అందుకే తోటను నాలుగు పట్టీలుగా చూడండి, ఒక్కో పట్టీ లోపల అంతా ఒకే రకంగా ఉండేలా. కాలువ పక్కన ఒక పట్టీ, దాని తర్వాత ఒకటి, అలా. ప్రతి పట్టీలో నాలుగు పద్ధతులూ ఒక్కోసారి రావాలి. ఏ మడికి ఏది అన్నది మీరు అనుకుని పెట్టకూడదు, నాలుగు చీటీలు రాసి కలిపి తీయండి, పట్టీ పట్టీకి మళ్లీ కొత్తగా తీయండి. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో 1920లలో గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ తీర్చిన పద్ధతి ఇది, ఈనాటికీ వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల్లో ఏ పంట పరీక్షకైనా ఇదే చేస్తారు. చీటీ ఎందుకంటే, మనకు తెలియకుండానే నమ్మకమున్న మందును ఆరోగ్యంగా ఉన్న మొక్కల వైపు పెట్టేస్తాం. నేను పెట్టాను కాబట్టే చెబుతున్నాను.

మడి మూలన కర్ర పాతి రంగుగుడ్డ కట్టండి, మందు పేరు రాయొద్దు. ఏ రంగు ఏ మందో పుస్తకంలో రాసి దాచండి. లెక్కపెట్టేవాళ్లకు ఆ సంగతి తెలియకపోతేనే లెక్క నిజాయతీగా వస్తుంది. నా పరీక్షల్లో లెక్క మా చెల్లెలు తీస్తుంది, ఆమెకు పసుపు గుడ్డ, తెల్ల గుడ్డ అనే తెలుసు. "ఇది బాగా పనిచేసింది కదరా అన్నయ్యా" అని ఆమె నీళ్లు కొట్టిన మడిని చూపించిన రోజు నాకు ఈ పద్ధతి విలువ పూర్తిగా అర్థమైంది.

కొట్టే ముందు రోజు లెక్క

ఇది చాలామంది వదిలేస్తారు. కొట్టకముందే ప్రతి మడిలో పురుగు ఎంత ఉందో తెలియకపోతే తర్వాతి లెక్కకు పునాది ఉండదు.

మధ్యలోని నాలుగు మొక్కల్లో ఒక్కోదానికి నాలుగు వైపుల నుంచీ మూడేసి మొగ్గలు, అంటే మొక్కకు 12, మడికి 48. మొగ్గలు సగం ఎదిగినవి కావాలి, అన్నీ ఒకే సైజు. కోతకొచ్చిన పెద్ద మొగ్గలు రోజూ పోతుంటాయి, మరీ చిన్నవాటిలో ఇంకా గుడ్డే పడి ఉండదు. చేతికి అందిన మొదటి మొగ్గ కోయాలి తప్ప ఊదాగా ఉన్నది చూసి కోయకూడదు. మడిపేరు రాసిన కవరులో వేసి ఇంటికి తెచ్చి నీడలో కూర్చుని చీల్చండి. పురుగు లోపల దాక్కునేది కాబట్టి చీల్చకుండా లెక్క రాదు, పైనుంచి చూసి వేసే లెక్క ఈగ విషయంలో పూర్తిగా మోసం చేస్తుంది, ఎందుకంటే రంగు మారేటప్పటికే పురుగు తిని వెళ్లిపోయి ఉండొచ్చు. పదహారు మడులకు ఒక్క లెక్కకు 768 మొగ్గలు పోతాయి, అది దాదాపు పావుకిలో పూలు. ఆ నష్టం భరించాల్సిందే.

ప్రతి మొగ్గకూ రాయాల్సింది ఏమిటంటే ఈగ పిల్ల బతికి ఉందా, గొంగళి బతికి ఉందా, ఖాళీగా తిన్న గుర్తు మాత్రమే ఉందా. వీటితోపాటు మడికి అయిదు ఆకులు తెచ్చి అడుగున నల్లి చూసి రాయండి.

కొట్టే రోజు

మోతాదు మూతతో కొలవకండి. సూది తీసేసిన సిరంజి మెడికల్ షాపులో దొరుకుతుంది, దానిమీద గీతలున్నాయి, ఒక్కో మందుకు ఒక్కోటి, పని అయ్యాక ఇంటికి తేవద్దు. లేబుల్ మీద ఎకరాకు 60 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీటిలో అని ఉందనుకుందాం, అంటే లీటరుకు 0.3 మిల్లీలీటర్లు, నాలుగు లీటర్ల నీళ్లు కలిపితే 1.2 మిల్లీలీటర్లు. ముందురోజు ఒట్టి నీళ్లతో కొట్టి, ఒక మడి మొక్కలన్నీ మొగ్గల గుత్తుల లోపలిదాకా తడవడానికి ఎన్ని నీళ్లు పడతాయో కొలిచి చూసుకోండి, ఆ తర్వాత అన్ని మడులకూ అంతే నీళ్లు. ఒక మడికి ఎక్కువ నీళ్లు, ఒకదానికి తక్కువ పడితే మీరు పోల్చేది మందుల్ని కాదు, చేతిని. మోతాదు పెంచడం, రెండు మందులు కలపడం, టానిక్ చేర్చడం ఏదీ వద్దు, మందు ఆకుకు అంటుకోవడానికి కలిపే జిగురు వాడితే నీళ్ల మడితో సహా కొట్టే మూడింటిలోనూ వాడాలి.

పంపు కలుపుమందుకు వాడింది అయితే దగ్గరికి కూడా రానీయకండి. కాస్త మిగిలిన కలుపుమందు చాలు, మొగ్గలు వంకర్లు తిరిగి అదంతా పురుగుమందు ఖాతాలో పడుతుంది. ముందు నీళ్ల మడులు కొట్టండి, తర్వాత మొదటి మందు, పంపు మూడుసార్లు కడిగి రెండో మందు. కడిగిన నీళ్లు కాలువలోకి, చెరువులోకి పోనీయకుండా తోటలోనే పూలు కోయని గట్టు వైపు చల్లండి. కొట్టేవాళ్లు ఒకరే, నాజిల్ ఒకటే.

కోత అయిపోయాక సాయంత్రం కొట్టడం మంచిది. మొగ్గ ఈగ చీకటిపడే వేళ నుంచే తిరుగుతుంది, తేనెటీగలు అప్పటికి గూటికి చేరిపోతాయి, ఎండ వేడి తగ్గి పూరేకులు కాలవు. గాలి ఉంటే మానేయండి. తేలిక గాలికి కూడా ఇద్దరు పట్టుకునే పాత ఫ్లెక్సీ ఒకటి మడికీ మడికీ మధ్య అడ్డుగా పెట్టుకుంటే సరిపోతుంది. పొడుగుచేతుల చొక్కా, రబ్బరు గ్లవ్స్, మాస్క్, కళ్లద్దాలు ఇవన్నీ పది సెంట్లకు అవసరమా అని అనుకోవద్దు, మందు కలిపేటప్పుడు చేతిమీద పడే చిక్కటి చుక్కే అన్నిటికన్నా ప్రమాదం. తల తిరిగినా, వాంతులైనా, చూపు మసకబారినా వెంటనే 108కి ఫోన్ చేయండి, డబ్బా లేబుల్ వెంట తీసుకెళ్లండి.

ఒక జాగ్రత్త ఇంకా ముందే తీసుకోవాలి. పరీక్షకు వారం ముందు తోట అంచున నాలుగైదు మొక్కలకు అదే మోతాదులో కొట్టి మొగ్గలు, రేకులు చూడండి. రేకు అంచు గోధుమరంగుకు మాడినా, మొగ్గ విచ్చుకోకపోయినా, తెల్లపువ్వు మీద మచ్చ మిగిలినా ఆ మందు ఎంత పురుగును చంపినా మనకు పనికిరాదు. నూనె లాంటి ద్రావకంతో వచ్చే ఈసీ మందులు మంచి ఎండల్లో పూలను ఎక్కువ మాడుస్తాయి. కూరగాయకు మచ్చ పడితే తొక్క తీసి తింటాం, మల్లెకు మచ్చ పడితే కొనేవాళ్లే ఉండరు.

కొట్టాక లెక్కలు

మూడో రోజు, ఏడో రోజు, పదో రోజు, పద్నాలుగో రోజు. ప్రతిసారీ మడికి కొత్తగా కోసిన 48 మొగ్గలు, అదే సైజు, అదే మనిషి. తొందరపడి మరునాడే తీర్పు చెప్పకండి, మందులు ఒక్కోటి ఒక్కోలా చంపుతాయి. పైరెథ్రాయిడ్లు గంటల్లో పడేస్తాయి, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, తర్వాత మళ్లీ పురుగు పెరుగుతుంది, పైగా నల్లిని తినే మేలు కీటకాల్ని కూడా చంపడంతో రెండు వారాలకు నల్లి విపరీతంగా పెరుగుతుంది. ఆకుల లెక్క రాయమన్నది అందుకే. ఎమామెక్టిన్, క్లోరాంట్రానిలిప్రోల్ తగిలిన గొంగళి వెంటనే తినడం మానేసినా రెండు మూడు రోజులు బతికే ఉంటుంది. మూడో రోజు కదులుతున్న పురుగును చూసి మందు దండగ అన్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

మొగ్గ ఈగ విషయంలో ఇంకో చిక్కు ఉంది. మొగ్గలో పిల్లపురుగు అయిదు నుంచి ఏడు రోజులే ఉంటుంది, కాబట్టి పదో రోజు మీకు కనిపించే పురుగులు మందు కొట్టాక పెట్టిన గుడ్లవి, మట్టిలోంచి కొత్తగా లేచిన ఈగలవి. పక్కమడి నుంచి కూడా ఈగ ఎగిరి వస్తుంది. చిన్న మడుల్లో మందు అసలు బలం కన్నా కాస్త తక్కువగానే కనిపిస్తుంది. మూడు, ఏడు రోజుల లెక్క మందు ఎంత చంపిందో చెబుతుంది, పది, పద్నాలుగు రోజుల లెక్క ఎన్నాళ్లు కాపాడిందో చెబుతుంది. రెండిటినీ కలిపి ఒకే సగటు తీయొద్దు.

ఆగాల్సిన రోజులు గడిచాక రోజువారీ కోతలో మంచి మొగ్గ, పాడు మొగ్గ వేరుచేసి మడివారీగా తూకం వేయండి. చివరికి మీ చేతికి డబ్బు వచ్చేది ఆ తూకంలోనే.

లెక్క ఇలా వేయాలి

1955లో హెండర్సన్, టిల్టన్ అనే ఇద్దరు ఇచ్చిన సూత్రం ఇలాంటి పరీక్షకు సరిగ్గా సరిపోతుంది. మందు మడుల్లో తర్వాతి సంఖ్యను నీళ్ల మడుల్లో ముందు సంఖ్యతో గుణించండి. మందు మడుల్లో ముందు సంఖ్యను నీళ్ల మడుల్లో తర్వాతి సంఖ్యతో గుణించండి. మొదటి లబ్ధాన్ని రెండోదానితో భాగించి, ఒకటిలోంచి తీసేసి, వందతో గుణిస్తే మందు ఎంత శాతం పనిచేసిందో వస్తుంది.

ఉదాహరణకు నాలుగు పట్టీలు కలిపి 192 మొగ్గల్లో, మందు మడుల్లో ముందు 48 మొగ్గల్లో పురుగు ఉంది, ఏడో రోజుకు 24 అయింది అనుకుందాం. నీళ్ల మడుల్లో ముందు 40, ఏడో రోజుకు 80. అప్పుడు 24ని 40తో గుణిస్తే 960, 48ని 80తో గుణిస్తే 3840, భాగిస్తే పావు, ఒకటిలోంచి తీస్తే ముప్పావు, అంటే 75 శాతం. మంచి మందే.

ఇప్పుడు అవే 48, 24 ఉంచి, నీళ్ల మడుల్లో 40 కాస్తా 20 అయిందనుకోండి. 24ని 40తో గుణిస్తే 960, 48ని 20తో గుణించినా 960. ఫలితం సున్నా. మందు ఏమీ చేయలేదు, పురుగు తనంతట తానే తగ్గింది. తోటంతా కొట్టేసినవాడికి రెండు సందర్భాల్లోనూ కళ్లకు కనిపించేది ఒకటే, సగానికి తగ్గడం. నా మొదటి ఏడాది సరిగ్గా ఇదే జరిగింది.

మొత్తం సంఖ్యతో పాటు పట్టీ పట్టీకీ విడిగా చూడండి. మొదటి మందు రెండో మందు కన్నా నాలుగు పట్టీల్లోనూ మెరుగ్గా ఉంటే నమ్మొచ్చు. ఒట్టి అదృష్టం మీదైతే అలా జరగడం నాణెం నాలుగుసార్లు ఎగరేస్తే నాలుగుసార్లూ బొమ్మే పడ్డట్టు, పదహారింట ఒకసారి. రెండు పట్టీల్లో ఇది, రెండు పట్టీల్లో అది గెలిస్తే రెండూ సమానమే అనుకుని తక్కువ ధరదీ, తక్కువ విషం ఉన్నదీ ఎంచుకోండి.

తామర పురుగులకు గ్లాసు పరీక్ష

తామర పురుగుల మీద ఏ మందుకు పట్టు పోయిందో తోటలో దిగకముందే తెలుసుకోవచ్చు. లేబుల్ మోతాదులో కలిపిన మందు నీళ్లలో లేత ఆకును పది సెకన్లు ముంచి, నీడలో ఆరనిచ్చి, మూత ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసులో వేసి, మెత్తటి కుంచెతో ఇరవై తామర పురుగుల్ని అందులోకి ఎక్కించండి. మూతకు పలచని గుడ్డ బిగించాలి, లేకపోతే లోపల చెమట పట్టి పురుగులు మునిగి చస్తాయి. ఒట్టి నీళ్లలో ముంచిన ఆకుతో ఇంకో గ్లాసు తప్పనిసరి. ఒక్కో దానికి నాలుగేసి గ్లాసులు పెట్టి 48 గంటల తర్వాత కుంచెతో తాకి కదలనివాటిని చచ్చినట్టు లెక్కించండి.

నీళ్ల గ్లాసులో కూడా కొన్ని చస్తాయి. 1925లో అబాట్ అనే కీటక శాస్త్రవేత్త చెప్పినట్టు ఆ చావుల్ని తీసేయాలి. నీళ్లలో 10 శాతం, మందులో 82 శాతం చస్తే, 82లోంచి 10 తీస్తే 72, వందలోంచి 10 తీస్తే 90, 72ను 90తో భాగిస్తే 80 శాతం. నీళ్ల గ్లాసులోనే 20 శాతం దాటి చస్తే ఆ పరీక్ష పారేసి మళ్లీ మొదలుపెట్టండి. వంటింటి గ్లాసులు, చెంచాలు దీనికి వాడొద్దు. గ్లాసులో చంపలేని మందు తోటలో చంపదు, గ్లాసులో చంపిన మందు మాత్రం గుత్తుల లోపలికి చేరకపోతే తోటలో ఓడిపోవచ్చు, అందుకే ఇది వడపోతకే.

ఒక్క పరీక్షతో తోటంతా మార్చకండి, అదే సీజన్‌లో నెల తర్వాత ఇంకోసారి చేయండి. రెండోసారి చీటీలు కొత్తగా తీయాలి, వీలైతే తోటలో వేరే భాగంలో మడులు వేయాలి. పాత మడుల్లో మట్టి కింద ఉన్న కోశస్థ దశలు మొదటి పరీక్షలో ఏ మడిలో ఎన్ని పురుగులు బతికాయో దాన్నిబట్టే ఉంటాయి, ఆ తేడా కొత్త లెక్కలోకి వచ్చేస్తుంది. నీళ్ల మడుల్లో మళ్లీ మొగ్గలు ఊదాగా రాలుతుంటే చూస్తూ ఊరుకోవడం కష్టమే, ఇంట్లోవాళ్లు కూడా ఆ నాలుగు మడులకూ కొట్టేయమంటారు. పద్నాలుగో రోజు లెక్క అయ్యేదాకా కొట్టకండి, అయ్యాక ఏది నిలిచిందో దాన్నే వాటికీ కొట్టండి.